నా అర్జీ మూసేసిన మంద దారి

కోపంతో మొదలైన ప్రయాణం ఇది. హైదరాబాదులో ఉద్యోగం చేసే నా స్నేహితుడొకడు హిమాలయాల్లో వారం రోజులు నడిచొచ్చి, మెడలో ట్రెక్కింగు కంపెనీ ఇచ్చిన పతకం వేసుకుని ఫొటో పంపాడు. ఇరవై రెండు వేలు కట్టాడట. సామాను మోయడానికి వేరే మనుషులు, వండిపెట్టడానికి వేరే మనుషులు, పతకం మాత్రం వీడికి. మన నల్లమల ఉండగా అంత దూరం దేనికని అడిగితే, "మీ పల్నాడులో ఏముందిరా, ఎండా నాపరాళ్ళూ తప్ప" అని నవ్వాడు. వాడిది రెంటచింతల. పుట్టి పెరిగిన చోటును ఆరేళ్ళలో 'మీ పల్నాడు' చేసేశాడు. మన కొండల్లో, మన మనుషులు నడిచే దారిలో, వారం రోజుల నడక ఒకటి తయారుచేసి, ఎవరి దగ్గరా పైసా తీసుకోకుండా అందరి ముందూ పెట్టాలని ఆ రోజే నిర్ణయించుకున్నాను. ఈ బ్లాగు చదివేవాళ్ళు కూడా అలాంటి ప్లాను కోసం అడుగుతూనే ఉన్నారు. ఆ ప్లాను ఏమైందో చెప్తాను. మ్యాపు మాత్రం ఇవ్వను. కొండ కింది ఊరి పేరు కూడా రాయను.

దారి నేను కనిపెట్టింది కాదు. కృష్ణ ఒడ్డు ఊళ్ళ గొర్రెల మందలు ఏటా తొలకరి పడగానే నల్లమల వైపు కదులుతాయి, పంటలు ఎత్తాక తిరిగొస్తాయి. విత్తనం పడ్డ చేలో గొర్రెకు చోటుండదు. ఆ మందలు నడిచే బాట మొత్తం నడవాలంటే మూడు వారాలు పడుతుంది. ఉద్యోగాలు చేసుకునేవాళ్ళకు అంత సెలవు దొరకదు కాబట్టి, అందులో మొదటి వారం ముక్క తీసుకుని, రోజుకు పది పన్నెండు కిలోమీటర్ల చొప్పున ఏడు మజిలీలుగా విడగొట్టాను. ఈ వివరాలన్నీ చెప్పింది కోటమ్మ పెద్దమ్మ. ఆమెకూ, ఆమె భర్త నాగులుకూ కలిపి నూట యాభై దాకా జీవాలున్నాయి. ఏటా ఎండాకాలం మా చేలో మంద ఆపేది వాళ్ళే. మే నెలలో ఒక సాయంత్రం గట్టు మీద కూర్చుని ఆమె చెప్తుంటే నోటుబుక్కులో గీసుకున్నాను. ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ తిరగాలి, వాన వస్తే ఏ బండ కింద నిలబడాలి, మొదటి మజిలీ చివర ఎండాకాలంలోనూ ఇంకిపోని ఊట ఎక్కడుంది, అన్నీ.

రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా వెళ్ళకూడదు. దొంగచాటుగా నడవడం నాకిష్టం లేదు. హక్కనేది కాగితం మీద ఉండాలని నమ్మేవాణ్ణి నేను. చెరువుల మీద, ఉమ్మడి భూముల మీద, అర్జీలు రాయడం మీద అచ్చైన చిన్న పుస్తకాలూ కరపత్రాలూ ఒక పెట్టెడు ఉన్నాయి నా దగ్గర, అన్నీ రెండేసి సార్లు చదివినవే. వాటి ధైర్యంతోనే ఎనిమిది పేజీల అర్జీ రాశాను. ఈ బాటను ప్రజల నడకదారిగా గుర్తించాలి, నడిచేవాళ్ళకు అనుమతి ఇవ్వాలి, ఊటను కాపాడాలి అని. మ్యాపు జతచేసి అటవీ శాఖ సెక్షన్ ఆఫీసులో ఇచ్చి, ముట్టినట్టు ముద్ర వేయించుకున్నాను. కోటమ్మ పెద్దమ్మకు మాత్రం చెప్పలేదు. ఆమె మంచికేగా రాస్తున్నాను, చెప్పేదేముంది అనుకున్నాను.

జూన్ మూడో వారంలో ఆమె దగ్గర్నుంచి ఫోనొచ్చింది. "రేపు పొద్దున ఎక్కుతన్నాం అబ్బాయ్. మొదులు చూస్తానంటివిగా, వస్తే రా" అంది. అనుమతి ఇంకా రాలేదు కనుక అడవి హద్దు దాకా వెళ్ళి, నడక మొదలయ్యే చోటు చూసి, వెనక్కి రావాలని బయలుదేరాను. గురజాలలో అయిదున్నరకు బస్సెక్కితే ఏడు కాకముందే మాచర్లలో దిగాను. టికెట్టు అరవై లోపే. మీరు నరసరావుపేట వైపు నుంచి వస్తే ఇంకో రెండు గంటలు కలుపుకోండి. బస్టాండు ఎదుట ముప్ఫై రూపాయలకు ఇడ్లీ పెట్టి, అల్లం చట్నీ అడిగినంత పోస్తారు. అక్కణ్ణుంచి వెల్దుర్తి వైపు షేరు ఆటోలు దొరుకుతాయి, మనిషికి నలభై. కొండ కింది దాకా షేరు ఉండదు, మాట్లాడుకోవాలి. మూడు వందలు అడిగిన సైదులు అనే ఆటో ఆయన రెండు వందల యాభైకి ఒప్పుకున్నాడు.

"ఆడేం పనయ్యా నీకు?" అన్నాడు దారిలో.

"నడవడానికి."

"నడిచేదానికి ఆటో దేనికి?" అని ఒకటే నవ్వు. కాసేపటికి నవ్వు మానేసి, "అయినా నడవనిచ్చేటట్టు లేరులే. నాలుగు రోజుల నాడు ట్రాక్టరుతో రాతి కూసాలు తోలారు. కొండ సందుకు అడ్డంగా కంచె ఏశారంట" అన్నాడు.

నా ఒళ్ళు మండిపోయింది. ఏ రిసార్టు వాడో వాసన పట్టి ఉంటాడనుకున్నాను. డబ్బున్నవాడు కొండను చూస్తే ఆగలేడు, గేటు పెట్టి టికెట్టు అమ్మాల్సిందే. వాడెవడో తెలుసుకుని పేరుతో సహా రాస్తాను, మాచర్ల సెంటర్లో నిలబెట్టి అడిగిస్తాను అని సైదులుతో కొండ వచ్చేదాకా అరుస్తూనే ఉన్నాను. అతను మధ్యమధ్యలో "అడగాల, అడగాల్సిందే" అంటూ గుంటలు తప్పిస్తున్నాడు.

రెండు కొండల మధ్య ఎద్దులబండి పట్టేంత సందు. మంద ఎక్కేది అక్కడే. ఆ సందుకు అడ్డంగా ఈ కొస నుంచి ఆ కొసకు అయిదు వరసల ముళ్ళతీగ, దాని ముందు కొత్తగా తవ్విన కందకం. ప్రవేశం లేదని బోర్డు. కంచె ఇవతల మంద మొత్తం ఒకదాని మీదొకటి ఆనుకుని నిలబడి ఉంది. ముందున్న గొర్రెలు అలవాటు కొద్దీ సందులోకే చూస్తున్నాయి, వెనకవి నెడుతున్నాయి. నాగులు కర్ర అడ్డం పెట్టి ఆపుతున్నాడు. కోటమ్మ పెద్దమ్మ, కంచె అవతల ఉన్న కాపలా మనిషితో మాట్లాడుతోంది. ఆయన పేరు గురవయ్య, ఆ కింది ఊరి మనిషే. నెలజీతానికి పెట్టారట.

"ఏంది తమ్ముడా ఇది? నువ్వు పుట్టకముందు నించీ ఎక్కుతున్నాం ఈడ."

"నాకు తెలవదా అక్కా? మీ మంద దిగితే పిల్లలకి పాలు పోసేదానివి. నేనేం చేసేది, నాకు కాయితం ఇచ్చి ఈడ నిలబెట్టారు."

"ఏ కాయితం? ఎవడిచ్చాడు?" అని నేను మీదికి వెళ్ళాను. "ఎవడి సొమ్మని కంచె వేశారు? చూపించండి!"

గురవయ్య జేబులోంచి నాలుగు మడతల జిరాక్సు తీసి తీగల సందులోంచి అందించాడు. విప్పాను. నా మ్యాపు. నా చేతిరాత. కొండ సందు, బాట, బండ, ఊట. ఊట చుట్టూ ఎవరో ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు. కింద నా పేరు, నా సంతకం, దాని కింద రెండు గీతలు కూడా ఉన్నాయి. గట్టిగా ఉంటుందని నేనే గీసుకున్నవి.

కోటమ్మ పెద్దమ్మకు చదవడం రాదు. కానీ బొమ్మ తెలిసింది. వేలుపెట్టి ఒక్కొక్కటే చూసుకుంటూ పోయింది. "ఇది బండ. ఇది వంక. ఇది ఊట." నా మొహంలోకి చూసింది. "నేను చెప్పినయ్యే గందా అబ్బాయ్ ఇయ్యి?"

నేను అవునన్నాను. ఇంకేమనాలి? ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఆరుద్ర కార్తె వచ్చిద్ది రెండు రోజుల్లో. వెనక్కి పోయేదానికి ఏ చేలో చోటుందిప్పుడు? ఈటిని ఏడ పెట్టేది, ఏం పెట్టేది?" అని నాగులుతో అంది. దానికి నాగులు అన్న ఒకే ఒక మాట, "సంతకు తోలడమే." తొలకరిలో అమ్మేవాళ్ళే తప్ప కొనేవాళ్ళుండరు. ఏళ్ళ తరబడి పెంచుకున్న మందను సగానికి సగం పోగొట్టుకోవడమే అది.

అదే ఆటోలో సెక్షన్ ఆఫీసుకు వెళ్ళాను. పదకొండు కావస్తోంది. కేకలు వేస్తూనే లోపలికి వెళ్ళాను. అక్కడి అధికారి లేచి నిలబడి నాకు షేక్‌హ్యాండిచ్చాడు. అంతకంటే చెంపదెబ్బ నయం. "మీరేనా ఆ అర్జీ రాసింది? మీలాంటి యువకులు నలుగురుంటే చాలండీ" అని టీ తెప్పించాడు.

"నేను దారి తెరవమని రాశాను, మూయమని కాదు!"

ఆయన ఫైలు తీసి అయిదో పేజీ తిప్పి చదివాడు. "ఈ అరుదైన నీటి వనరును పశువుల తొక్కిడి నుండి, మానవ జోక్యం నుండి తక్షణమే కంచె వేసి సంరక్షించవలసిందిగా డిమాండు చేస్తున్నాము." చదివి, "చాలా బాగా రాశారు" అన్నాడు.

ఆ వాక్యం నాది కాదు. చెరువుల రక్షణ మీద ఉన్న ఒక కరపత్రం వెనక అర్జీ నమూనా ఉంటే, బాగుందని యథాతథంగా దించాను. పట్నం మధ్యలో మురుగు చేరే చెరువు కోసం ఎవరో రాసిన వాక్యం అది. కొండ మీది ఊటకు, గొర్రెల మీద బతికే మనుషులకు నేను దాన్ని తెచ్చి తగిలించాను.

"వాళ్ళు తరతరాలుగా వెళ్తున్నారు సార్."

"ఏదైనా కాగితం ఉందా?"

"లేదు."

"ఈ దారి గురించి మా దగ్గరున్న మొదటి కాగితం మీదేనండీ. ఇన్నాళ్ళూ మావాళ్ళు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. రాతపూర్వకంగా వచ్చాక ఎట్లా ఊరుకుంటాం? చెయ్యకపోతే ఎందుకు చెయ్యలేదంటారు, చేస్తే ఎందుకు చేశారంటారు." ఈ ఒక్క ఏడాదికి తెరవమన్నాను. పైనుంచి రావాలన్నాడు. అర్జీ వెనక్కి తీసుకుంటానన్నాను. చర్య జరిగిపోయిందన్నాడు. నేను బల్ల మీద చెయ్యి వేసి కొట్టాను. అటెండరు వచ్చి, "ఏందయ్యా నీ గోల, నువ్వడిగిందేగా చేశారు" అని భుజం పట్టుకుని బయటికి నడిపించాడు.

తిరిగి వచ్చేసరికి ఒంటిగంట. వానపడ్డ నేల ఉడుకు కక్కుతోంది. జూన్ వానను నమ్మి ఒక లీటరు సీసాతో రాకండి, మనిషికి నాలుగు లీటర్లు కావాలి. మంద వేపచెట్ల కింద తలలు దించుకుని నిలబడి ఉంది. ఊటకాడికి చేరాల్సిన వేళకి నీళ్ళు లేకుండా ఇక్కడ ఆగిపోయాయి. విషయం చెప్పాను. కోటమ్మ పెద్దమ్మ సగంలోనే ఆపేసింది. "రాదని తెలుసులే. తారు రోడ్డెంబడి దక్షిణంగా పోదాం. అటేపు ఇంకో మందోళ్ళ దారి ఉంది, బతిమాలుకోవాల. నువ్వు వచ్చేటట్టయితే ఎనక నిలబడు, లారీలకు తుండుగుడ్డ ఊపు. నోరు మాత్రం తెరవమాక."

గంటకు రెండు కిలోమీటర్లు నడిచాం. ముందు నాగులు, మధ్యలో ఆమె, చివర నేను. నాపరాళ్ళ లారీలు మందను చూసి కూడా వేగం తగ్గించడం లేదు. ఒక మలుపు దగ్గర ఒకడు ఆగకుండా హారను మోగిస్తూ వెనక గొర్రెలకు చక్రాలు ఆనేంతగా దూసుకొచ్చాడు. ఆగమని తుండు ఊపాను. "జరగరేయ్, నీ గొర్రెలకి రోడ్డు రాసిచ్చారా?" అన్నాడు కిటికీలోంచి. రాసిచ్చారా అన్న మాటతో నాకు పొద్దుటి నుంచి ఉన్నదంతా పైకి తన్నుకొచ్చింది. లారీకి అడ్డంగా నిలబడి, గొంతు చించుకుని, తుండు గాల్లో తిప్పుతూ అరిచాను. వాడు భయపడలేదు. గొర్రెలు భయపడ్డాయి. మంద రెండుగా చీలి, సగం రోడ్డు దిగి పక్క చేలో పడింది. అది నిన్న మొన్న పత్తి గింజ వేసిన చేను.

రైతు పరిగెత్తుకుంటూ వచ్చాడు. పొట్టిగా, బనీనుతో ఉన్నాడు. "ఎవుర్రా ఈ మంద! గింజ రేటు తెలుసా మీకు? కట్టేస్తా అన్నిట్నీ!" నేను తప్పు నాదని చెప్పబోతుంటే కోటమ్మ పెద్దమ్మ కంటితోనే ఆపింది. నాగులు నోటితో చేసిన చిన్న చప్పుడుకు గొర్రెలన్నీ గట్టెక్కాయి. అప్పుడామె రైతు దగ్గరికి వెళ్ళి, చేను చూడకుండా, దాని పక్కనున్న ఎకరం బీడు వైపు చూసింది.

"అన్నా, ఇదేం ఏస్తావు?"

"నీకెందుకమ్మా? మిరప."

"మిరపకి నేల చానా బీదగా ఉంది. మూడు రాత్రులు మంద కడతా ఇందులో. పైసా వద్దు, గింజలొద్దు. బోరు నీళ్ళు పెట్టు చాలు."

మా వైపు మిరప వేసే వాళ్ళకు ఇది వివరించక్కర్లేదు. బయటివాళ్ళ కోసం చెప్తాను. రాత్రుళ్ళు మందను చేలో ఆపితే ఆ పెంట, ఆ మూత్రం నేలకు పట్టే బలం ఏ బస్తా ఎరువుకూ రాదు. దానికి రైతే ధాన్యమో డబ్బో ఇచ్చి, ముందుగా చెప్పుకుని, వంతు కోసం ఎదురుచూస్తాడు. అది ఉచితంగా వస్తోంది. రైతు కాసేపు తొక్కిన చాళ్ళు చూశాడు, కాసేపు బీడు చూశాడు. "నాలుగు రాత్రులు" అన్నాడు. "మూడే. నాలుగోది ఎప్పుడైనా తిరుగు దారిలో" అంది ఆమె. ఆయన వెళ్ళి మోటారు వేశాడు. కాల్వలో నీళ్ళు కదలగానే నూట యాభై తలలు ఒక్కసారి వంగాయి. నా ఎనిమిది పేజీలకు రాని నీళ్ళు అయిదు నిమిషాల బేరంతో వచ్చాయి.

అయిదు గంటలప్పుడు గట్టు మీద కూర్చుని పెద్దమ్మ జొన్నరొట్టె, ఎండుమిరప పచ్చడి పెట్టింది. తినబుద్ధి కాలేదు కానీ తిన్నాను. అప్పుడడిగింది, "ఆ కాయితం నీకాడ ఉందా? చదువు, ఇందాం." నా కాపీ సంచిలోనే ఉంది. మొదటిసారి ఆమెకు చదివి వినిపించాను. అయిదో పేజీ దగ్గర ఆపింది.

"తొక్కిడంటే?"

"జీవాలు దిగితే నీళ్ళు పాడవుతాయని."

"ఎవురు చెప్పారు?"

"పుస్తకంలో ఉంది పెద్దమ్మా."

"అది రాసినోడు మా ఊటకాడికి ఎప్పుడన్నా వచ్చాడా?" అని, రొట్టె పక్కన పెట్టి చెప్పింది. ఎండాకాలం గాలికి ఆకు, మట్టి పడి ఊట పూడిపోతుంది. ఏటా మొదట ఎక్కిన మంద వాళ్ళు రెండు పూటలు పూడిక తీస్తారు. తీసేదాకా మనిషి తాగడు, గొర్రెను దించరు. నీళ్ళు తేటబడ్డాక పక్కన గుంట చేసి అందులోకి వదిలి అక్కడే తాపిస్తారు. ఈ ఏడు మొదటి వంతు వీళ్ళది. "కంచె ఏసి కూకుంటే రెండేళ్ళకి ఆడ ఊటుండదు. కాయితమే ఉంటది" అంది.

ఈ సంగతి మే నెలలో నేను అడగలేదు. ఊట ఎక్కడుందని అడిగాను గానీ, ఎందుకు ఇంకా ఉందని అడగలేదు. నా దగ్గరున్న ఏ కరపత్రమూ ఆ ప్రశ్న వెయ్యమని చెప్పలేదు, నాకు సొంతంగా తట్టనూ లేదు.

చీకటి పడకముందే అక్కడే కొత్త అర్జీ రాశాం. నేను రాయడం, ఆమె కొట్టేయించడం. "డిమాండు తీసెయ్. అరుదైన తీసెయ్. మేం పూడిక తీస్తాం, తీయనీయండి, ఎవురైనా వచ్చి చూడండి, అంతే రాయి." మ్యాపు పెట్టనా అని అడిగితే నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుచ్చుకుంటోంది. ఎనిమిది పేజీలు ఆరు వరసలయ్యాయి. ఏడింటి బస్సుకు మాచర్ల వెళ్ళి అక్కడే ఉండిపోయి, మర్నాడు పొద్దున ఆఫీసులో ఇచ్చాను. అటెండరు నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. ముద్ర పడింది.

ఇది రాస్తున్న రోజుకు పద్దెనిమిది రోజులు. జవాబు రాలేదు. మంద దక్షిణపు దారిన అవతలి ఊళ్ళ దాకా వెళ్ళింది. అక్కడి మందల వాళ్ళు మేతకు వారం గడువిచ్చారట, ఆ వారం నిన్నటితో అయిపోయింది. పదకొండు గొర్రెల్ని అమ్మేశామని పెద్దమ్మ ఫోనులో చెప్పింది. ఆ పదకొండూ నా లెక్కలోవే. వారానికోసారి ఆఫీసుకు వెళ్తున్నాను, వెళ్తూనే ఉంటాను. కొండల్ని ప్రేమిస్తున్నామని చెప్పుకునే మనలాంటి వాళ్ళం ఎంత హాని చేయగలమో నాకు తెలిసొచ్చింది. పతకం కొనుక్కున్న నా స్నేహితుడు ఎవరి దారినీ మూయలేదు. నేను మూశాను, మంచి తెలుగులో, సంతకం పెట్టి. నా కోపం తగ్గలేదు, తగ్గాలని కూడా లేదు. దాని మొహం మాత్రం నావైపు తిరిగింది.

వారం రోజుల నడకకు ప్లాను వేసుకుంటున్నవాళ్ళకు ఒక్క సలహా. అనుమతి లేకుండా అడవిలోకి వెళ్ళకండి, కానీ అనుమతి కోసం రాసిన కాగితాన్ని ఆఫీసులో ఇచ్చేముందు, ఆ దారిన ఏటా నడిచే మనిషి దగ్గర కూర్చుని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా పైకి చదివి వినిపించండి. వాళ్ళు ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపండి, ఏది కొట్టేయమంటే అది కొట్టేయండి. దానికి ఒక సాయంత్రం పడుతుంది. మే నెలలో నా దగ్గర అలాంటి సాయంత్రాలు ముప్ఫై ఒకటి ఉన్నాయి.